మంచు కోసం సైకిలెక్కితే...

మంచులో మునిగిన చెరువు ఫొటో చూసినప్పుడు ‘అబ్బ, ఏం అదృష్టం! సరిగ్గా ఆ సమయానికి అక్కడున్నాడు’ అనుకుంటాం. నిజానికి అందులో అదృష్టం వాటా చాలా తక్కువ. ఆ ఒక్క ఫొటో వెనక నాలుగైదు ఆదివారాల నిద్ర ఉంటుంది. ఒకటో రెండో పంక్చర్లుంటాయి. ‘తెల్లారకముందే వెళ్లావు, ఏం తెచ్చావ్?’ అని ఇంట్లో అడిగితే పాల ప్యాకెట్లు చేతిలో పెట్టి తప్పించుకున్న ఉదయాలుంటాయి.

సినిమావాళ్లు షూటింగ్ మొదలుపెట్టడానికి ముందు లొకేషన్ల వేటకు వెళతారు. ఏ ఇల్లు బాగుంటుంది, ఏ సందులో వెలుతురు ఎప్పుడు పడుతుంది అని రాసుకుంటారు. ప్రకృతి ఫొటోలు తీసేవాళ్లకూ సరిగ్గా అదే పని. తేడా ఒక్కటే. సినిమావాళ్లకు పొగ కావాలంటే మిషన్ ఉంటుంది. వీళ్లు ఆకాశం దయతలచేదాకా ఆగాలి. ఆ రోజు వచ్చేసరికి ఎక్కడ నిలబడాలో ముందే తెలిసి ఉండాలి. ఎందుకంటే మంచు ఉండేది గంటో, గంటన్నరో! ఆ కాస్త సమయం వెతుక్కోవడానికే సరిపోతే ఇక ఫొటో తీసేదెప్పుడు?

ఆ వెతుకులాటకు హైదరాబాద్ పరిసరాల్లో గండిపేటను మించిన బడి లేదు. సైకిల్‌ను మించిన వాహనమూ లేదు.

వరద కట్టించిన చెరువు

పేరుకు ఉస్మాన్ సాగర్. జనం నోట మాత్రం గండిపేటే. ఒకసారి ఈ నీళ్లు తాగినవాళ్లు హైదరాబాద్ వదిలి వెళ్లలేరని పాతబస్తీ పెద్దలు ఇప్పటికీ అంటుంటారు. అంత తియ్యటి పేరున్న ఈ చెరువు పుట్టుక మాత్రం కన్నీళ్లలోంచే!

1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి హైదరాబాద్‌ను ముంచెత్తింది. సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. మళ్లీ అలాంటి ఘోరం జరగకూడదని నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. నగరానికి ఎగువన నీటిని ఆపితే తప్ప దిగువన మనుషులు బతకరని ఆయన తేల్చారు. ఆ ఆలోచన నుంచే మూసీ మీద ఉస్మాన్ సాగర్, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ వచ్చాయి. మొదటిది 1920లో పూర్తయింది. రెండోది 1927లో. వరద ఆపడానికి కట్టిన ఈ జంట జలాశయాలే ఆ తర్వాత దశాబ్దాల పాటు నగరం దాహం తీర్చాయి.

ఉస్మాన్ సాగర్ పూర్తి నీటిమట్టం 1,790 అడుగులు. నిండితే 3.9 టీఎంసీలు. గేట్లు 15. హిమాయత్ సాగర్‌కు 17. ఫొటోల గొడవలో ఈ లెక్కలెందుకనుకుంటున్నారా? ఉన్నాయి. కాసేపట్లో వీటితోనే పని పడుతుంది.

సైకిలే ఎందుకంటే...

కారులో వెళితే చెరువు కనిపిస్తుంది, కానీ ఆగడానికి చోటుండదు. ఆగి, దిగి, డోరు వేసేసరికి కొంగలు లేచిపోతాయి. నడిచి వెళితే అన్నీ కనిపిస్తాయి. కానీ పొద్దెక్కేలోపు రెండు మూడు కిలోమీటర్లు కూడా చుట్టలేం. మోటార్ సైకిల్‌కు చప్పుడొక్కటే కాదు, వేగం కూడా శత్రువే. అరవైలో పోయేవాడికి రోడ్డు తప్ప ఇంకేం కనిపిస్తుంది?

సైకిల్ ఈ మూడింటికీ మధ్యలో ఉంటుంది. తీరిగ్గా తొక్కినా గంటకు పది పన్నెండు కిలోమీటర్లు. చప్పుడుండదు. ఎక్కడ నచ్చితే అక్కడ కాలు కింద పెడితే చాలు. గేదెలు నడిచే బాటలోకి తిప్పొచ్చు. బాట ఆగిపోతే భుజాన వేసుకుని గట్టు దాటొచ్చు. మరో సంగతి. సైకిల్ మీద వెళ్లేవాళ్లకు మంచు కంటికి కనిపించకముందే ఒంటికి తెలుస్తుంది. రోడ్డు కాస్త పల్లంలోకి దిగగానే చెంపల మీద గాలి ఉన్నట్టుండి చల్లబడుతుంది. మళ్లీ మెట్టెక్కగానే వెచ్చబడుతుంది. ఎక్కడ చల్లబడిందో అక్కడే మంచు కూర్చుంటుంది. ఆ చోటు గుర్తుపెట్టుకుంటే సగం పని అయినట్టే!

పలకరింపులు కూడా సైకిల్‌కే దక్కుతాయి. కారు దిగినవాణ్ని చూసి ‘ప్లాట్ల కోసం వచ్చాడు’ అనుకునే ఊరివాళ్లు సైకిల్ దిగినవాణ్ని చూసి ‘ఏం బిడ్డా, గింత పొద్దుగాల్నే వచ్చినవ్?’ అంటారు. ఫొటోల కోసమని చెబితే నవ్వుతారు. నవ్వి, ‘ఇయ్యాల గాలి ఉంది, మంచు నిలువది. రెండు రోజులాగి రా’ అని కూడా చెబుతారు. పాలు పోసేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు, తాళ్లెక్కే గౌడన్నలు... చీకటితో లేచే వీళ్ల మాటను మించిన వాతావరణ సూచన లేదు.

మంచు ఎందుకొస్తుంది? ఎప్పుడొస్తుంది?

శరదృతువు అనగానే విదేశీ క్యాలెండర్లలో ఎర్రబారిన మేపుల్ చెట్లు గుర్తొస్తాయి. దక్కన్ పీఠభూమి మీద రుతువు అలా రాదు. బతుకమ్మ నాటికి తంగేడు పచ్చగా పూస్తుంది. గునుగు తెల్లగా తలలూపుతుంది. నీటి ఒడ్డున రెల్లు వెండి కుచ్చుల్లా విచ్చుకుంటుంది. ఆ పూలు వాడేవేళకు వానలు వెనక్కి మళ్లుతాయి, రాత్రిళ్లు ఆకాశం తేటపడుతుంది. అక్కణ్నుంచి మొదలవుతుంది మంచు కాలం. అక్టోబరు ఆఖర్లో పలుచగా మొదలై, కార్తీక మార్గశిరాల్లో చిక్కబడి, చంకలెత్తనివ్వని సంక్రాంతి చలి దాకా సాగుతుంది.

పొగమంచు పుట్టడానికి మూడు సరిపడాలి. ఒకటి, మబ్బుల్లేని రాత్రి. మబ్బులు దుప్పటి లాంటివి. అవి లేకపోతే నేల పగలు దాచుకున్న వేడినంతా ఆకాశానికి వదిలేసి చల్లబడుతుంది. రెండు, గాలిలో తగినంత తేమ. ఒకట్రెండు రోజుల కిందట వాన పడి నేల తడిగా ఉంటే మరీ మంచిది. మూడు, గాలి దాదాపు కదలకపోవడం. ఆకులు గట్టిగా ఊగుతున్నాయంటే దుప్పటి ముసుగేసుకోవచ్చు, ఆ రోజుకు మంచు లేనట్టే!

జలాశయం దగ్గర ఇంకో రకం మంచు కూడా ఉంటుంది. చలికాలం తెల్లవారుజామున బావిలో చేదేసి తోడితే నీళ్లు గోరువెచ్చగా తగులుతాయి కదూ! చెరువూ అంతే. పగటి వేడిని నీరు త్వరగా వదలదు. పైనున్న గాలి మాత్రం చల్లబడిపోతుంది. వెచ్చటి నీటి మీంచి లేచిన ఆవిరి ఆ చల్లగాలి తగలగానే సన్నటి పొగలా మారుతుంది. నేల మంచు అన్నింటినీ కప్పేస్తే, నీటి మంచు నీళ్ల మీద మోకాలెత్తున పరుగులు తీస్తుంది. ఫొటోకు ఎక్కువ అందాన్నిచ్చేది ఈ రెండోదే.

వాతావరణ శాఖ లెక్కలో ఎదుటి వస్తువు కిలోమీటరు కన్నా తక్కువ దూరం వరకే కనిపిస్తే అది పొగమంచు. అంతకు మించి కనిపిస్తే పలుచని మంచు. ఫొటోకు ఏది మంచిది? రెండూ కాని మధ్య స్థితి. మరీ దట్టంగా ఉంటే అంతా తెల్లకాగితమే. మరీ పలుచగా ఉంటే మామూలు ఉదయమే. ముందున్న చెట్టు నల్లగా, దాని వెనక చెట్టు బూడిదరంగులో, ఆ వెనక గుట్ట గీత గీసినట్టు కనిపించాలి.

ఫోన్‌లో ముందురోజు రాత్రి చూడాల్సింది చలి ఎంతన్నదొక్కటే కాదు. తెల్లవారుజాము ఉష్ణోగ్రతకూ ‘డ్యూ పాయింట్’ అని చూపించే అంకెకూ మధ్య తేడా చూడాలి. ఆ రెండూ ఒకటో రెండో డిగ్రీల దగ్గరకు వచ్చి, గాలివేగం తక్కువుంటే అలారం పెట్టుకోవచ్చు. వస్తుందన్న హామీ మాత్రం ఎవరూ ఇవ్వలేరు.

వెతికేది పట్టపగలే!

చాలామంది చేసే పొరపాటు ఇదే. మంచు ఉందని తెలిసిన రోజున చీకట్లో బయల్దేరి, అప్పుడు చోటు వెతుకుతారు. మంచులో చోటు ఎలా కనిపిస్తుంది? వెతకడం మామూలు రోజున, ఎండలో జరగాలి. ఒక చిన్న నోట్‌బుక్, పెన్సిలు, దిక్సూచి ఉన్న ఫోను ఉంటే చాలు. కెమెరా ఇంట్లో వదిలేసినా నష్టం లేదు. అది చేతిలో ఉంటే క్లిక్కుల మీదికే మనసు పోతుంది.

మొదట చూడాల్సింది దిక్కు. మూసీ తూర్పుకు ప్రవహిస్తుంది. కాబట్టి గండిపేట ఆనకట్ట తూర్పు వైపున ఉంది. పడమటి ఒడ్డున నిలబడితే నీళ్ల మీదుగా సూర్యోదయం ఎదురుగా వస్తుంది. మంచు వెలుగుతుంది, చెట్లు నల్లటి బొమ్మల్లా నిలబడతాయి. కానీ అదే చూపులోకి నగరం కూడా వస్తుంది. కోకాపేట వైపు లేచిన ఆకాశహర్మ్యాలు గీతలు గీసినట్టు కనిపిస్తాయి. తూర్పు వైపు నుంచి పడమటికి చూస్తే వెలుతురు వీపు మీద పడుతుంది. రంగులు మెత్తగా వస్తాయి, మంచులో ఆ మెరుపుండదు. దక్షిణాన చిలుకూరు వైపు, ఉత్తరాన ఖానాపూర్ వైపు వెళితే పక్కవాటు వెలుతురు దొరుకుతుంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు ఆ పక్క వెలుతురే అన్నిటికన్నా మేలు.

రెండోది సూర్యుడి స్థానం. ‘తూర్పున ఉదయిస్తాడు’ అన్న బడి పాఠం ఏడాదిలో రెండు రోజులకే ఖచ్చితంగా నిజం. హైదరాబాద్‌లో నవంబరు మధ్యలో సూర్యుడు తూర్పుకు దాదాపు 19 డిగ్రీలు దక్షిణంగా ఉదయిస్తాడు. డిసెంబరు చివరికి దాదాపు 25 డిగ్రీలు. జూన్‌లో అంతే దూరం ఉత్తరానికి జరుగుతాడు. అంటే సెప్టెంబరులో ఒక తాటిచెట్టు వెనక సూర్యుణ్ని చూసి మురిసిపోతే, నవంబరుకల్లా ఆయన ఆ చెట్టుకు చాలా కుడివైపున ఉంటాడు! దీనికో కిటుకుంది. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు. తూర్పు నుంచి కుడివైపుకు రెండు పిడికిళ్లు లెక్కపెడితే కార్తీకమాసపు సూర్యుడు. రెండున్నర లెక్కపెడితే డిసెంబరు సూర్యుడు. నవంబరు మధ్యలో 6.20 ప్రాంతంలో తెల్లవారితే, జనవరి మధ్యకు 6.50 దాకా ఆగాలి. అందుకని కాలం గడిచేకొద్దీ అలారం కాస్త కనికరిస్తుంది.

మూడోది నీటిమట్టం. ఇందాకటి 1,790 అడుగుల లెక్క ఇక్కడ పనికొస్తుంది. మే నెలలో వెళ్లి, నెర్రెలిచ్చిన నేల మీద అందమైన బండరాయొకటి చూసి రాసుకుంటే, వానలు బాగా పడ్డ ఏడాది నవంబరుకు ఆ రాయి నీటి అడుగున ఉంటుంది. నీరు తగ్గితే మళ్లీ ఒడ్డు దూరం జరిగిపోతుంది. అందుకే చోటు పక్కన తేదీ ఎంత ముఖ్యమో ఆ రోజు నీటిమట్టం కూడా అంతే ముఖ్యం.

నాలుగోది ఫొటోలో ఏముండాలన్నది. మంచు తనంతట తాను బొమ్మ కాదు, తెర మాత్రమే. తెర ముందు ఎవరో ఒకరు ఉండాలి. ఇక్కడ అందుకు కొదవలేదు. పొడుగాటి తాళ్లు, గుబురు ఈతలు, వంకర తుమ్మలు. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ గుట్టలు, ఎవరో ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే బండలు. మోకు నడుముకు చుట్టుకుని తాడెక్కుతున్న మనిషి. తెప్ప మీద వల సర్దుకునే జంట. వీళ్లలో ఎవరు ఏ వేళకు ఎక్కడుంటారో తెలియాలంటే పగలు రెండు మూడుసార్లు తిరగాల్సిందే. మనుషుల్ని తీసేముందు ఒక మాట అడగడం మర్యాద. ‘అన్నా, ఒక ఫొటో తీసుకుంటా’ అంటే కాదనేవాళ్లు తక్కువ.

చెరువు చుట్టూ ఒకటే రోడ్డుంటుందనుకుని బయల్దేరితే నిరాశే. దారి ఒకచోట నీళ్లను తాకినంత దగ్గరగా వచ్చి, మరుక్షణంలో ఊళ్లోకి పోతుంది. ఫామ్‌హౌస్‌ల ప్రహరీలు మైళ్లకొద్దీ అడ్డం పడతాయి. ఒక రోజులో చుట్టంతా చూసేద్దామనే ఆశ పనికిరాదు. ఆదివారానికి ఒక ముక్క. నాలుగు ఆదివారాల్లో పది చోట్లు రాసుకుంటే, అందులో నికరంగా పనికొచ్చేవి రెండో మూడో తేలతాయి. అవి చాలు.

కెమెరాకు మంచు అర్థం కాదు

తీరా మంచు వచ్చిన రోజున కెమెరా మొండికేస్తుంది. ఎదురుగా అంతా తెల్లగా ఉంటే ‘అమ్మో, వెలుతురెక్కువ’ అనుకుని తానే తగ్గించేస్తుంది. ఇంటికొచ్చి చూస్తే పాలలాంటి మంచు కాస్తా బూడిద నీళ్లలా ఉంటుంది. మందు సులువే. ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్ వరకూ పెంచుకోవాలి. ఫోనైతే తెర మీద వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కాస్త పైకి జరపాలి. సూర్యుడు ఎదురుగా వచ్చేశాక మాత్రం మళ్లీ తగ్గించుకోవాలి.

ఫోకస్ కూడా తడబడుతుంది. పట్టుకోవడానికి గీత దొరక్క లెన్సు ముందుకీ వెనక్కీ ఆడుతుంటుంది. నల్లగా కనిపించే చెట్టు మొదలునో, బండ అంచునో చూపిస్తే కుదురుతుంది. రంగుల విషయం కెమెరాకే వదిలేస్తే తెల్లవారుజాము నీలాన్ని ‘తప్పు’ అనుకుని దిద్దేస్తుంది. వైట్ బ్యాలెన్స్‌ను పగటి వెలుతురు దగ్గర కట్టేస్తే ఆ నీలం అలాగే మిగులుతుంది.

ఏసీ గదిలో పడుకున్న కెమెరాను ఉన్నట్టుండి తేమగాలిలోకి తెస్తే అద్దం మీదే మంచు పడుతుంది! బయల్దేరడానికి అరగంట ముందే సంచీతో సహా వరండాలో పెట్టాలి. సైకిల్ క్యారేజీ మీద కెమెరా కడితే గతుకులకు లోపలి మరలు వదులవుతాయి. సంచీ వీపున, ట్రైపాడ్ క్యారేజీ మీద... ఇదీ పద్ధతి. తొందర మాత్రం వద్దు. సూర్యోదయం అయిన వెంటనే మంచు ఒక్కోసారి మరింత చిక్కబడుతుంది. ‘ఇక అయిపోయింది’ అని సర్దుకున్న పావుగంటకే తెర చిరుగుతుంది. అసలు దృశ్యం అప్పుడే!

మంచా? పొగా?

సైకిల్ మీద తిరిగేవాళ్ల ముక్కుకు ఒక చేదు నిజం కూడా తెలుస్తుంది. తెల్లగా కనిపించేదంతా మంచు కాదు. చెత్త తగలబెట్టిన పొగ, లారీల పొగ, కట్టడాల దుమ్ము చలిగాలిలో పైకి పోలేక నేలబారుగా పరుచుకుంటాయి. ఫొటోలో రెండూ ఒకటే. ఊపిరితిత్తులకు కాదు. మంచు తెల్లగా, నీలంగా ఉండి ఎండ తగలగానే కరిగిపోతుంది. పొగ గోధుమరంగులో తేలుతూ తొమ్మిదైనా వదలదు. గొంతులో గరగర మొదలైతే వెనక్కి తిరగడం మంచిది. ఆస్తమా ఉన్నవాళ్లు, పిల్లలు మరీను.

చెరువుకు కూడా అదే బాధ. ఈ జలాశయాలను కాపాడటానికి 1996లో 111 నంబరు జీవో వచ్చింది. చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో కలుషితం చేసే పరిశ్రమలకూ పెద్ద హోటళ్లకూ కాలనీలకూ కళ్లెం వేసింది. తర్వాత కృష్ణా, గోదావరి నీళ్లు నగరానికి చేరాయి. గండిపేట మీద ఆధారపడటం తగ్గింది. ఇక ఆంక్షలెందుకన్న వాదన పెరిగి, 2022 ఏప్రిల్‌లో 69 నంబరు జీవోతో వాటిని సడలించారు. తమ భూముల విలువ పాతికేళ్లు గడ్డకట్టిపోయిందన్న రైతుల బాధలో న్యాయం ఉంది. నీరు నిలిచే నేలంతా సిమెంటైతే రేపెలా అన్న ప్రశ్నలోనూ న్యాయం ఉంది.

ఆ ‘రేపు’ ఎలా ఉంటుందో నగరం మరిచిపోయిందనుకునే వేళకు మూసీయే గుర్తు చేసింది. 2025 సెప్టెంబరు చివరి వారంలో భారీ వర్షాలకు జంట జలాశయాల గేట్లెత్తితే మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి వచ్చేసింది. సరిగ్గా 117 ఏళ్ల కిందట ఊరిని ముంచిన రోజులవే! ఈ చెరువులు వట్టి పిక్నిక్ స్థలాలు కావని చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఒకే చోటు... ఏటా ఒక ఫొటో

ఇక్కడే ఫొటో తీసేవాళ్లు చేయగల ఓ మంచి పని ఉంది. ఖర్చు లేదు, అనుమతులక్కర్లేదు. వెతికి పెట్టుకున్న చోట్లలో ఒకదాన్ని ఎంచుకోవాలి. అక్కడో కదలని గుర్తుండాలి. పెద్ద బండ లాంటిదైతే మేలు. ఏటా కార్తీక పౌర్ణమి దాటిన వారంలో అదే చోట నిలబడి, అదే దిక్కుకు, అదే లెన్సుతో ఒక ఫొటో తీసి తేదీ, నీటిమట్టం రాసిపెట్టాలి. మంచు ఉన్నా సరే, లేకున్నా సరే.

మొదటి ఏడాది అది మామూలు ఫొటో. ఐదో ఏటికి అదో కథ. నీరు ఎంత దగ్గరికొచ్చింది, ఎంత దూరం పోయింది, రెల్లు ఎక్కడ తరిగింది, ప్రహరీ ఎక్కడ పెరిగింది, ఆకాశం గీతలో కొత్తగా ఎన్ని అంతస్తులు లేచాయి... అన్నీ ఒకదాని పక్కన ఒకటి పెడితే ఎవరూ వివరించనక్కర్లేదు. 2024 ఆగస్టులో హైడ్రా అధికారులు గండిపేట పూర్తి నీటిమట్టం పరిధిలోని కొన్ని కట్టడాలను కూల్చినప్పుడు ‘ఇక్కడ ఇదివరకు నీళ్లుండేవా?’ అన్న చర్చ ఊరంతా నడిచింది. ఇలాంటి ప్రశ్నకు జవాబు పాత ఆల్బమ్‌లో ఉంటే ఎంత బాగుంటుంది! తాతలు చెరువు కథలు చెప్పారు. మనుమలకు కథతో పాటు బొమ్మ కూడా చూపించొచ్చు.

పిల్లలకిది మంచి సెలవు రోజు పని కూడా. దిక్సూచి ఒకరికి, నోట్‌బుక్ ఒకరికి ఇస్తే సరి. సూర్యుడు దక్షిణానికి జరగడం, నీటి ఆవిరి మంచవడం, గాలి పల్లంలో చల్లబడటం... సైన్సు పుస్తకంలో మూడు పాఠాలు ఒక్క ఉదయంలో పూర్తి!

బయల్దేరే ముందు...

* సైకిల్‌కు ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, తలకు హెల్మెట్ తప్పనిసరి. మంచులో మనకు లారీ కనిపించినంత సులువుగా లారీకి మనం కనిపించం. నల్ల స్వెటర్ వద్దు, మెరిసే జాకెట్ మేలు. మంచు మరీ దట్టంగా ఉంటే రోడ్డు దిగి ఆగిపోవడమే తెలివి.

* ఔటర్ రింగ్ రోడ్డు మీదికి సైకిళ్లకు అనుమతి లేదు. దాని పక్కనే నార్సింగి-కొల్లూరు, నానక్‌రామ్‌గూడ-పోలీసు అకాడమీ మార్గాల్లో 2023 అక్టోబరులో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభమైంది. పైన సౌర ఫలకాల కప్పుంటుంది. కొత్తగా తొక్కేవాళ్లు అక్కడ అలవాటు చేసుకోవచ్చు.

* వాన పడ్డ మర్నాడు నల్లరేగడి బాటల్లోకి దిగొద్దు. మట్టి మడ్‌గార్డులో ఇరుక్కుంటే చక్రం తిరగదు, సైకిలే మన మీదికెక్కుతుంది!

* కుక్కలు వెంటపడితే వేగం పెంచకూడదు. దిగి, సైకిల్‌ను అడ్డం పెట్టుకుని నెమ్మదిగా నడిస్తే చాలావరకు అవే వెనక్కి పోతాయి.

* నీటి అంచున ఒండ్రు పైకి గట్టిగా కనిపిస్తుంది, కాలేస్తే దిగబడుతుంది. ఒంటరిగా అంచుకు వెళ్లొద్దు. రెల్లు పొదల్లో పాములుంటాయి. గేట్లెత్తుతారని చెప్పిన రోజు దిగువ వైపు, సర్వీసు రోడ్ల వైపు పోనేపోవద్దు. కట్ట మీద నిషేధం బోర్డుంటే దాటొద్దు.

* ఎక్కడికెళుతున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో చెప్పాలి. పంక్చర్ కిట్టు, చిన్న పంపు, మంచినీళ్లు, రెండు అరటిపళ్లు సంచిలో ఉండాలి. అరటి తొక్కలు కూడా తిరిగి సంచిలోకే!

* హైదరాబాద్ దూరమైతే దిగులక్కర్లేదు. వికారాబాద్ దగ్గర కోటిపల్లి జలాశయం, ములుగు జిల్లాలో లక్నవరం, వరంగల్ జిల్లాలో పాకాల, అల్లూరి సీతారామరాజు జిల్లాలో లంబసింగి దగ్గరి తాజంగి... అన్నీ మంచు ముసుగేసుకునేవే. ఇవేవీ లేకపోతే ఊరి చెరువుంది. తేటైన రాత్రి, తడి నేల, కదలని గాలి కుదిరితే మంచు దానికీ వస్తుంది.